జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) ప్రసిద్ధ యంత్రనిర్మాత, బస్సు రవాణా వ్యాపారి, పారిశ్రామికవేత్త, విద్యాదాత. జి.డి.నాయుడుగా పేరుపొందిన ఈయన, తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడు. భారతదేశపు ఎడిసన్ అన్న బిరుదు ఈయనకు ప్రజలలో స్థిరపడింది. పాఠశాల చదువు ప్రాథమిక తరగతులను దాటకపోయినా, ఒక పాత మోటారు సైకిలును విప్పి తిరిగి బిగించడంతో మొదలైన ఈయన స్వయంశిక్షణ వందలాది బస్సుల సంస్థకు, విద్యుత్ మోటారు తయారీకి, ఒక ఇంజనీరింగు కళాశాల స్థాపనకు దారితీసింది. ఈయన రూపొందించిన చౌక కారు మాత్రం ప్రభుత్వ అనుమతి లభించక నమూనా దశలోనే ఆగిపోయింది. తమిళనాట ఇంటింటా తెలిసిన ఈయన పేరు తెలుగునాట అంతగా ప్రచారంలో లేదు.

నేపథ్యం

విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాత నాయకరాజుల కాలంలోను తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణానికి తరలివెళ్ళి, కోయంబత్తూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలలలో వ్యవసాయం సాగించాయి. నాయుడు అన్న పేరుతో గుర్తించబడే ఈ కుటుంబాలలో ఇంటి భాష తెలుగు, బజారు భాష తమిళం. నల్లరేగడిలో పండే ప్రత్తి వీరిని క్రమంగా జిన్నింగు మిల్లుల వైపు, నూలు మిల్లుల వైపు నడిపించింది. 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి.కుప్పుస్వామి నాయుడు, పి.ఎస్.జి. విద్యాసంస్థలకు మూలమైన పి.ఎస్.గోవిందస్వామి నాయుడు కుటుంబం ఈ కోవకు చెందినవారే. కోయంబత్తూరుకు దక్షిణ భారత మాంచెస్టర్ అన్న పేరు రావడంలో ఈ తెలుగు రైతు కుటుంబాల పాత్ర చాలా పెద్దది.

బాల్యం

నాయుడు కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. తల్లి పసితనంలోనే మరణించగా, బాలుడు లక్ష్మీనాయకన్‌పాళయంలోని మేనమామ ఇంట పెరిగాడు. చదువు మీద అతనికి ఏమాత్రం మనసు నిలువలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి పారిపోయేవాడన్న కథ ఈయన జీవితచరిత్రలన్నింటిలోను కనిపిస్తుంది. బడి మానిపించి పొలం పనులకు పంపారు. అక్కడ ఏకాంతంగా చేతికి దొరికిన తమిళ పుస్తకాలన్నీ చదివాడు. బడి పట్ల ఉన్న విముఖత చదువు పట్ల విముఖత కాదని దీనివల్ల తెలుస్తున్నది. పెద్దవాడైన తరువాత విద్యావిధానం మీద ఈయన వెలిబుచ్చిన అభిప్రాయాలకు మూలం ఈ బాల్యంలోనే ఉన్నది.

మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. లంకాషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి దానిపై గ్రామానికి వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను కదిలే బండిని ఆ యువకుడు చూడడం అదే మొదటిసారి. అది రడ్జ్ కంపెనీ బండి అని చెబుతారు. అప్పటికి ఈయన వయసు పదహారని ఎక్కువ కథనాలు చెబుతున్నాయి. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరానికి చెందిన రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ మోటారు సైకిళ్ళు 1911 ప్రాంతంలో గాని బజారులోకి రాలేదు కనుక, కథనాలు చెప్పే వయసు కన్న ఒకటి రెండేళ్ళు ఎక్కువే ఉండి ఉండాలి.

ఆ బండిని ఎలాగైనా సంపాదించాలన్న పట్టుదలతో నాయుడు ఊరు విడిచి కోయంబత్తూరు చేరాడు. అక్కడ ఒక హోటలులో సర్వరుగా పనికి కుదిరి, సుమారు మూడేళ్ళపాటు జీతంలో మిగిల్చిన డబ్బుతో అదే అధికారి వద్ద ఆ మోటారు సైకిలును కొన్నాడు. బండి చేతికి వచ్చాక దాన్ని నడుపుతూ తిరగడంతో తృప్తిపడలేదు. భాగాలన్నీ ఊడదీసి, ఒక్కొక్కటి ఏ పనికి ఉన్నదో పరిశీలించి, మరల బిగించాడు. ఆ కాలపు రడ్జ్ బండిలో ఉండేది సుమారు 500 సీసీల ఒకే సిలిండరు ఇంజను. పిస్టను, కవాటాలు, కార్బురేటరు, అయస్కాంతంతో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, ఇవన్నీ కంటికి కనిపించేలా, చేతికి అందేలా ఉండేవి. యంత్రాన్ని పుస్తకం లేకుండా నేర్చుకోవడానికి అంతకన్న అనువైన పాఠ్యవస్తువు మరొకటి దొరకదు. ఈ విధంగా నాయుడు మెకానిక్ అయ్యాడు.

వ్యాపారంలో ఒడిదుడుకులు

మెకానిక్‌గా కొంత సంపాదించిన తరువాత ఈయన తిరుప్పూరులో ప్రత్తి జిన్నింగు వ్యాపారం చేపట్టాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రత్తి ధరలు పెరగడంతో గణనీయమైన ధనం ఆర్జించాడు. ఆ ధైర్యంతో బొంబాయి ప్రత్తి వ్యాపారంలో దిగి, సంపాదించినది దాదాపు అంతా పోగొట్టుకున్నాడు. చేతితో తాకి పరీక్షించగల వస్తువుల వ్యాపారంలో నెగ్గిన మనిషి, ధరల హెచ్చుతగ్గుల మీద ఆధారపడిన బేరంలో ఓడిపోయాడు. ఆ తరువాత మళ్ళీ ఆ మార్గం తొక్కలేదు.

కోయంబత్తూరుకు తిరిగివచ్చిన నాయుడు, అక్కడి పరిశ్రమలకు ఆద్యులలో ఒకడైన సర్ రాబర్ట్ స్టేన్స్ ఆశ్రయం పొందాడు. కాఫీ వ్యాపారంతోను, మిల్లులతోను, పాఠశాలతోను కోయంబత్తూరులో స్థిరపడిన ఆ ఆంగ్లేయుడు నాయుడి నైపుణ్యాన్ని గుర్తించి, ఉద్యోగానికి బదులు సొంతంగా బస్సు నడుపుకొమ్మని సలహా ఇచ్చాడు. ఎనిమిది వేల రూపాయల బస్సును సగం సొమ్ము తీసుకొని, మిగతా సగం వాయిదాలలో చెల్లించే పద్ధతిపై ఇప్పించాడని ప్రసిద్ధి.

యు.ఎం.ఎస్. బస్సులు

1920లో నాయుడు తొలి బస్సు పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య తిరగడం మొదలుపెట్టింది. డ్రైవరు కూడా ఈయనే. మార్గాన్ని ఎంచుకోవడంలోనే ఈయన తెలివి కనిపిస్తుంది. పొల్లాచ్చి పెద్ద సంతలకు కేంద్రం, పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. ఒకవైపు వర్తకులు, మరొకవైపు భక్తులు ఉండడంతో బస్సు ఏ దిశలోను ఖాళీగా నడిచే అవసరం ఉండదు. ఆనాటికి ఆ రెండు ఊళ్ళ మధ్య రైలు మార్గం లేదు.

ఒక్క బస్సు క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థ అయింది. యు.ఎం.ఎస్. అనే పొడి అక్షరాలతోనే అది జనానికి పరిచయం. 1933 నాటికి ఈ సంస్థలో 280 బస్సులు ఉండేవి. దేశంలో అత్యంత సమర్థంగా నడిచే బస్సు సంస్థలలో ఒకటిగా దానికి పేరు వచ్చింది. బస్సులు వేళకు వచ్చి వేళకు పోవడం ఆనాటి ప్రయాణికులకు వింతగా ఉండేది. బస్సు నిండేదాకా కదలకపోవడం, దారిలో డ్రైవరుకు తోచినచోట ఆపడం అప్పటి ప్రైవేటు బస్సుల సామాన్య లక్షణాలు. నాయుడు వేళాపట్టికను ఖచ్చితంగా పాటింపజేశాడు. టిక్కెట్ల జారీకి యంత్రాన్ని, బస్సు వచ్చే వేళలు తెలిపే ఏర్పాట్లను కూడా ప్రవేశపెట్టాడని చెబుతారు.

బస్సుల నిర్వహణ

వేళకు నడవాలంటే బస్సు దారిలో ఆగకూడదు. దారిలో ఆగకూడదంటే బయలుదేరక ముందే దాని లోపాలు తెలియాలి. నాయుడు సంస్థ విజయానికి అసలు కారణం షెడ్డులోనే ఉన్నది. దానిని గ్రహించడానికి ఆనాటి బస్సు నిర్మాణం కొంత తెలియాలి.

1920లలో బస్సు అంటే విదేశాల నుండి ఓడలో వచ్చిన లారీ చట్రం మీద స్థానిక వడ్రంగులు కట్టిన కొయ్య పెట్టె. ముందు చక్రాలు రెంటినీ ఒక ఇరుసు, వెనుక చక్రాలను మరొక ఇరుసు కలిపి ఉంచేవి. ఇరుసుకు, చట్రానికి నడుమ ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన కమాను కట్టలు ఉండేవి. ఈ కట్టల కొసలు చట్రానికి పిన్నులతో, బుష్షులతో తగిలించి ఉంటాయి. కంకర రోడ్ల దుమ్ము ఈ కీళ్ళలో చేరుతుంది. తరచుగా గ్రీజు పెట్టకపోతే పిన్ను, బుష్షు రెండూ అరిగి వదులవుతాయి. మొదట టకటకమనే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడును లెక్కచేయకపోతే ఇరుసు తన స్థానం నుండి కొద్దిగా జరిగి, స్టీరింగు ఒక పక్కకు లాగడం, టైర్లు వంకరగా అరగడం మొదలవుతుంది. కమాను కట్టలో ఒక పట్టీ విరిగితే ఆ బరువు మిగిలిన పట్టీల మీద పడి అవీ విరుగుతాయి.

దీనికి తోడు బస్సు ఒరుగుదల ఒకటి. పళని వెళ్ళే భక్తుల మూటలు, సంతకు పోయే బుట్టలు అన్నీ టాపు మీదికే ఎక్కేవి. బరువు ఎంత ఎత్తున ఉంటే మలుపులో బండి అంతగా బయటి వైపుకు వాలుతుంది. బయటి వైపు కమాను అణుగుతుంది, లోపలి వైపు కమాను పైకి లేస్తుంది. ఒక వైపు కమాను బలహీనపడిన బస్సు దాని ఎదుటి వైపుకు తిరిగిన ప్రతిసారీ ప్రమాదపు అంచున నడిచినట్లే.

ఈ ఒరుగుదలను అదుపు చేసే ఒక చిన్న సాధనానికి కెనడా దేశంలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రానికి చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919లో, అంటే నాయుడి తొలి బస్సుకు ఒక ఏడాది ముందు, పేటెంటు పొందాడు. నేడు మెకానిక్‌లు స్టెబిలైజర్ బార్ అని, స్వే బార్ అని పిలిచేది దీనినే. ఇది రెండు కొసలు వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీ. నడిమి భాగం రెండు రబ్బరు బుష్షులలో చట్రానికి బిగించి ఉంటుంది. కొసలు చిన్న లింకు రాడ్ల ద్వారా ఎడమ, కుడి చక్రాల భాగాలకు కలుస్తాయి. రెండు చక్రాలు ఒకేసారి లేచినప్పుడు కడ్డీ బుష్షులలో ఊరకే తిరుగుతుంది. ఒక చక్రం మాత్రమే లేచినప్పుడు మెలిపడుతుంది. ఆ మెలికకు ఉక్కు ఎదురుతిరగడం వల్ల బండి వాలడం తగ్గుతుంది. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే కార్లు 1930లలో వ్యాప్తిలోకి వచ్చిన తరువాత ఈ కడ్డీ వాడకం పెరిగింది.

ఎత్తైన నేటి కుటుంబ ఎస్‌యూవీలకు ఈ కడ్డీ మరీ ముఖ్యం. అందులోను ముందుగా అరిగేది లింకు రాడ్డు. దాని కొసలలోని గోళపు కీళ్ళ మీది రబ్బరు తొడుగు చిరిగితే బురద, నీరు లోపలికి పోయి కీలు వదులవుతుంది. నెమ్మదిగా వెళ్తూ గతుకులు, స్పీడు బ్రేకర్లు దాటేటప్పుడు ముందు నుంచి వచ్చే టకటక చప్పుడుకు తరచుగా ఇదే కారణం. పరీక్షించేటప్పుడు రెండు పక్కల చక్రాలను సమానమైన ఎత్తులో ఉంచాలి. ఒక పక్కనే జాకీ ఎత్తితే కడ్డీ మెలిపడి లింకును బిగదీస్తుంది, వదులు చేతికి తెలియదు. లింకులను రెండు వైపులా కలిపి మార్చడం, పగిలిన బుష్షులను వెంటనే మార్చి వాటి పట్టీల బోల్టులను బండి తన చక్రాల మీద నిలిచిన తరువాతనే తుదిగా బిగించడం మంచి పద్ధతి. లింకు విరిగినా బండి నడుస్తుంది కనుక చాలామంది దీనిని వాయిదా వేస్తారు. అడ్డువచ్చిన దానిని తప్పించడానికి హఠాత్తుగా స్టీరింగు తిప్పవలసి వచ్చినప్పుడు ఆ వాయిదా ఖరీదు తెలుస్తుంది.

నాయుడి కాలపు బస్సులలో సాధారణంగా ఇటువంటి కడ్డీ ఉండేది కాదు. డ్రైవరు వేగాన్ని అదుపు చేయడం, కమాను కట్టల పిన్నులు, బుష్షులు వదులు కాకుండా చూడడం తప్ప వేరే రక్షణ లేదు. విడిభాగాలు విదేశాల నుండి రావాలి, దానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. అందువలన నాయుడు కోయంబత్తూరులో సొంత వర్క్‌షాపును పెంపొందించాడు. మరమ్మతు చేయగలిగినది అక్కడే చేయడం, తయారు చేయగలిగినది అక్కడే తయారు చేయడం దాని పద్ధతి. ఇంజను భాగాలలో కంటికి కనిపించని పగుళ్ళను కనిపెట్టే పరీక్ష యంత్రాన్ని కూడా ఈయన రూపొందించాడని చెబుతారు. యు.ఎం.ఎస్. వర్క్‌షాపులో పని నేర్చుకున్నవారు ఆ తరువాత కోయంబత్తూరు పరిశ్రమలలో నైపుణ్యం గల కార్మికులుగా స్థిరపడ్డారు. బస్సుల సంఖ్య కన్న ఈ శిక్షణే ఈయన చేసిన పెద్ద మేలు అనిపిస్తుంది.

విద్యుత్ మోటారు

1930ల తొలినాళ్ళలో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు చేరింది. ఆ జిల్లాలో వర్షం తక్కువ, బావులు లోతు. ఎడ్లను కట్టి మోటతో నీరు తోడే రైతుకు విద్యుత్తుతో నడిచే పంపు అంటే రెక్కల కష్టం తీరడమే. కాని మోటార్లన్నీ విదేశాల నుండి దిగుమతి కావలసినవే, వాటి ధర రైతుకు అందేది కాదు.

ఈ పరిస్థితిలో నాయుడు పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారాన్ని నెలకొల్పాడు. డి.బాలసుందరం నాయుడు సహకారంతో అక్కడ 1937లో తయారైన మోటారును భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పరిగణిస్తారు. బాలసుందరం నాయుడు ఆ తరువాత టెక్స్‌టూల్ కంపెనీని స్థాపించి, వస్త్ర పరిశ్రమకు కావలసిన యంత్రాలను తయారుచేశాడు. నేడు దేశమంతటా పొలాలలో కనిపించే కోయంబత్తూరు పంపుసెట్ల పరిశ్రమ వెనుక ఈ ప్రయత్నం ఉన్నది. తెలుగు జిల్లాల రైతులు కూడా అనేకులు ఈ పంపుల మీదే ఆధారపడ్డారు.

విదేశ పర్యటనలు, ఆవిష్కరణలు

నాయుడు పలుమార్లు ఐరోపా, అమెరికా దేశాలలో పర్యటించాడు. వెళ్ళిన ప్రతిచోట కర్మాగారాలను, ప్రదర్శనలను చూడడం ఈయనకు అలవాటు. ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు తీయడంలోను ఆసక్తి ఉండేది. 1936 జనవరిలో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను లండనులో స్వయంగా చిత్రించాడు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసు కూడా ఈయన కెమెరాకు ఎక్కినవారే.

జర్మనీలో ఒక ఆటబొమ్మలోని చిన్న మోటారును చూసి, దానితో గడ్డం గీసుకొనే యంత్రం చేయవచ్చని ఈయనకు తోచిందని అంటారు. రసంత్ అనే పేరుతో వెలువడిన ఆ రేజరు టార్చి బ్యాటరీల వంటి పొడి ఘటాలతో నడిచేది. విద్యుత్తు లేని ఇళ్ళలోను, ప్రయాణాలలోను వాడుకోవడానికి వీలైన వస్తువు అది. అతి పలుచని బ్లేడ్లు, సినిమా కెమెరాలో దూరాన్ని సరిచేసే సాధనం, పండ్లరసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే పంకా ఈయన రూపొందించిన ఇతర వస్తువులు. మోసానికి తావులేని ఓట్ల నమోదు యంత్రం ఒకటి కూడా వీటిలో ఉన్నది. మన దేశ ఎన్నికలలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాన్ని మొదటిసారి వాడినది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. అప్పటికి నాయుడు మరణించి ఎనిమిదేళ్ళు. రాష్ట్ర ఎన్నికలలో తాను అభ్యర్థిగా నిలిచి ఓడిపోయిన అనుభవం కూడా ఈయనకు ఉన్నది.

1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించాడు. రేడియో ధనికుల ఇళ్ళకే పరిమితమైన కాలమది. యు.ఎం.ఎస్. పేరుతో రేడియోలు ఆ తరువాత బజారులోకి వచ్చాయి. ఈయన వస్తువులన్నింటిలోను ఒక సామాన్య గుణం కనిపిస్తుంది. కొత్త సిద్ధాంతాలు కనిపెట్టినవాడు కాదు ఈయన. ఉన్న సూత్రాన్ని తక్కువ ఖర్చుతో, మరమ్మతుకు సులభంగా ఉండేలా వస్తువుగా మలచడంలో ఘనుడు. ఎడిసన్‌తో పోలిక ఈ విషయంలోనే చెల్లుతుంది.

విద్యారంగం

1944లో నాయుడు మోటారు రవాణా వ్యాపార బాధ్యతల నుండి తప్పుకొని, కార్మికుల సంక్షేమానికి, వెనుకబడిన వర్గాల అభ్యున్నతికి, పరిశోధక విద్యార్థుల వేతనాలకు విరాళాలు ప్రకటించాడు. ఈయన విరాళాలతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరును వాటికి పెట్టారు. 1945లో మొదలైన ఆ ఇంజనీరింగు కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. 1950లో అది తడాగం రోడ్డులోని ప్రస్తుత ఆవరణకు మారింది.

ప్రాథమిక విద్య కూడా సరిగా పూర్తిచేయని నాయుడు ఆ కళాశాలకు తొలి రోజులలో ప్రిన్సిపాలుగా పనిచేశాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగు కోర్సు విద్యార్థి కాలాన్ని వృథా చేస్తుందని, చేతిపనితో కలిపి బోధిస్తే రెండేళ్ళు చాలునని ఈయన వాదించాడు. ప్రభుత్వం దీనికి అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. గణితం, పదార్థబలం వంటి విషయాలకు రెండేళ్ళు చాలవన్న అధికారుల అభ్యంతరం కొట్టివేయదగినది కాదు. అయినా రెంచి పట్టకుండానే పట్టా పుచ్చుకొనే విధానం పట్ల నాయుడికి ఉన్న అసంతృప్తి తరువాతి కాలంలో చాలామంది విద్యావేత్తలు పంచుకున్నదే. కళాశాల విడిచినా, తన సంస్థలలో యువకులకు స్వల్పకాలిక సాంకేతిక శిక్షణ ఇవ్వడం ఈయన మానలేదు.

రెండు సీట్ల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర రెండు వేల రూపాయలు. విదేశీ కార్ల నమూనాలను ఇక్కడ కూర్చి అమ్మే పద్ధతి నడుస్తున్న రోజులలో ఇది ఊహకందని తక్కువ ధర. కాని ప్రభుత్వం అనుమతి నిరాకరించడంతో ఉత్పత్తి ఆగిపోయింది.

దీని వెనుక ఉన్న విధానాన్ని గమనించాలి. 1951లో పార్లమెంటు చేసిన పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. మోటారు వాహనాల వంటి పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి అయింది. విదేశ మారకద్రవ్యం, ఉక్కు కొరతగా ఉన్న దేశంలో కొద్ది కంపెనీలకే కార్ల తయారీని పరిమితం చేయాలన్నది ప్రభుత్వ ఆలోచన. హిందుస్తాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్ వంటి కంపెనీలు ఆ పరిధిలో నిలిచాయి. ఒక వర్క్‌షాపు నుండి పైకి వచ్చిన వ్యక్తికి ఆ పరిధిలో చోటు దొరకలేదు. ఆ కారు వేల సంఖ్యలో తయారై రోడ్ల మీద ఎలా నిలిచేదో చెప్పడానికి ఆధారం లేదు. ఒక నమూనా నడవడం వేరు, లక్ష మైళ్ళు తిరిగిన తరువాత కూడా కీళ్ళు వదులు కాకుండా ఉండడం వేరు. ఆ పరీక్షకు అవకాశమే ఇవ్వకపోవడం నష్టం. సామాన్యుడి కారు అన్న మాట మన దేశంలో నిజం కావడానికి 1983 చివరలో మారుతి 800 వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

అధిక పన్నులకు, అనుమతుల విధానానికి నిరసనగా నాయుడు తాను తయారుచేసిన వస్తువులను బహిరంగంగా పగులగొట్టించాడన్న సంఘటన తమిళనాట ప్రసిద్ధం. వస్తువును నాశనం చేయడం ఈయన స్వభావానికి పూర్తిగా విరుద్ధమైన పని. ఆ నిరసన జనంలో అంతగా నాటుకుపోవడానికి కారణం అదే కావచ్చు.

వ్యవసాయం, ఇతర ఆసక్తులు

తరువాతి కాలంలో నాయుడు ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగాలు చేశాడు. సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈయన తోటను సందర్శించారు. రామన్ ఈయనను మనసారా ప్రశంసించాడు. ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి ఒక ఇంటిని కట్టి చూపించిన ఘనత కూడా ఈయనకు ఉన్నది. సిద్ధవైద్యం మీద కూడా ఈయనకు ఆసక్తి ఉండేది.

మరణం, స్మారకాలు

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఈయన కుమారుడు జి.డి.గోపాల్ కుటుంబ సంస్థలను, ధర్మసంస్థను కొనసాగించాడు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని జి.డి.నాయుడు ధర్మసంస్థ ఆవరణలో ఈయన సేకరించిన, తయారుచేసిన యంత్రాల శాశ్వత ప్రదర్శన ఉన్నది. కోతకోసి లోపలి భాగాలు కనిపించేలా నిలిపిన యంత్రాలు విద్యార్థులను బాగా ఆకర్షిస్తాయి. అదే ఆవరణలో 2015లో జీడీ కార్ల మ్యూజియం ప్రారంభమైంది. పలు దేశాల పాత కార్లను అక్కడ చూడవచ్చు. వేలూరులోని వి.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఒక భవనానికి ఈయన పేరు పెట్టారు. ఈయన జీవితంపై ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన లఘుచిత్రానికి 2018 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా బహుమతి లభించింది. అవినాశి రోడ్డు మీద నిర్మించిన సుమారు పది కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం 2025 అక్టోబరులో జి.డి.నాయుడు పేరు పెట్టి ప్రారంభించింది.